సున్నపు నీళ్ళలో మొక్కజొన్న

మొన్న క్రిస్మస్‌కి ముందు గుడి ప్రహరీకి వెల్ల వేయిద్దామని సున్నం తెప్పించాం. గుడికి రంగులు వేశాం గానీ, గోడకి అంత ఖర్చెందుకు, సున్నం చాల్లెమ్మన్నారు సంఘ పెద్దలు. మేస్త్రి డ్రమ్ములో సున్నపు రాళ్ళు పోసి నీళ్ళు గుమ్మరించాడు. బుసబుసా పొంగి ఆవిరి లేచింది. అదే పూట పక్కింటివాళ్ళు గుడి ఎదుట మొక్కజొన్నలు ఎండబోశారు. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేసరికి నేను మేస్త్రికి ఏం చెబుతున్నానో మర్చిపోయాను. "ఏంటి ఫాదర్?" అన్నాడు ఉపదేశి. ఏం చెప్పను? కాన్సాస్‌లో ఒక గుడి వంటగది, అర్ధరాత్రి, తలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు, పొయ్యి మీద పెద్ద పెద్ద గంగాళాలు. అదంతా చెప్పాలంటే ఆ పూట వెల్ల పని సాగదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. గురుపట్టాభిషేకం అయ్యాక కృష్ణా జిల్లాలోనే సహాయ గురువుగా పనిచేస్తున్నాను. అమెరికాలో గురువులు చాలక, మన మేత్రాసనాల (డయోసిస్‌ల) నుంచి కొందర్ని ఒప్పందం మీద పంపడం అప్పటికే మామూలైంది. మత సేవకులకిచ్చే ఆర్-1 వీసా ఐదేళ్ళకి మించి ఉండనివ్వదు కాబట్టి ఒప్పందాలూ ఆ లెక్కలోనే ఉండేవి. నా పేరు కూడా ఉందని తెలిసిన రోజు మా అమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. అమెరికా అంటే ఆవిడకి డల్లాస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇల్లు, దాని ముందున్న కారు. నేను వెళ్ళింది అమెరికాకే. అక్కడ రోజూ నాతో మాట్లాడింది మాత్రం మెక్సికోలోని చిహువాహువా, దురాంగో వాళ్ళు, గ్వాతెమాల కొండలవాళ్ళు.

ముందు శాన్ ఆంటోనియోలో స్పానిష్ నేర్చుకోమన్నారు. 1972లో మొదలైన మెక్సికన్ అమెరికన్ కల్చరల్ సెంటర్ అక్కడుండేది. వలస వచ్చినవాళ్ళ మధ్య పనిచేయబోయే గురువులకీ సిస్టర్లకీ అక్కడ భాషా నేర్పేవారు, వాళ్ళ అలవాట్లూ చెప్పేవారు. నా పక్క బల్ల మీద ఒక ఐరిష్ ఆయన "ర"లు పలకలేక చెమటలు కక్కేవాడు. తెలుగు నోటికి ఆ బాధ లేదు. మనకి కష్టమల్లా క్రియా రూపాలే. గోడకి పట్టిక అంటించుకుని, పళ్ళు తోముకుంటూ అప్పజెప్పుకునేవాణ్ణి.

తర్వాత గార్డెన్ సిటీ. కాన్సాస్ నైరుతి మూల, చదునైన నేల. దూరంగా చెట్లు కనిపించాయంటే అక్కడ ఒక ఇల్లో ఊరో ఉన్నట్టు లెక్క. వచ్చిన మర్నాడే నది చూద్దామని వెళ్ళాను. వంతెన ఉంది, వంతెన మీద ఆర్కాన్సాస్ నది అని బోర్డు ఉంది, కింద ఇసుక ఉంది. కుర్రాళ్ళు నాలుగు చక్రాల బళ్ళేసుకుని ఆ ఇసుకలో దుమ్ము లేపుతున్నారు. ఎగువన కొలరాడోలో కాలవలకి మళ్ళించుకుని, ఇక్కడ బోర్లతో భూమి అడుగు నీళ్ళు తోడుకుని, నదిని ఆ స్థితికి తెచ్చారట. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో కూడా మా ఊరి కాలవలో అంతకంటే తడి ఉంటుంది. చాలాసేపు వంతెన మీదే నిలబడ్డాను.

గాలి మళ్ళితే పశువుల వాసన. ఊరి బయట ఫీడ్‌లాట్లలో వేలకి వేల పశువుల్ని కంచెల్లో పెట్టి మేపుతారు. మా విచారణ (పారిష్) గురువు గోధుమ రైతు కొడుకు, తాతలు జర్మనీ వైపు నుంచి వచ్చినవాళ్ళు. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోబోతే నవ్వి, "అది డబ్బు వాసన, ఫాదర్" అన్నాడు. ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా అదే మాట చెప్తారు.

డబ్బు సంగతి నిజమే. మెక్సికోవాళ్ళు ఆ ఊరికి కొత్త కాదు. శాంటా ఫే రైలు పట్టాల పనికీ, 1906లో పెట్టిన చక్కెర దుంపల ఫ్యాక్టరీకీ అప్పుడే వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. వాళ్ళ మనవలకి స్పానిష్ సగమే వచ్చు. 1980 చివర్లో పక్కనున్న హాల్కమ్ దగ్గర పెద్ద పశుమాంసం ప్లాంటు తెరిచాక ఊరి ముఖమే మారిపోయింది. ముందు వియత్నాం శరణార్థులొచ్చారు, వాళ్ళ వెనకే మెక్సికో, ఆ తర్వాత గ్వాతెమాల, ఎల్ సాల్వదోర్. పాత మెక్సికోవాళ్ళకీ కొత్త మెక్సికోవాళ్ళకీ పడేది కాదన్న సంగతి నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. గుడి వంటగది తాళాలు ఎవరి దగ్గరుండాలన్న దాని మీద జరిగిన గొడవలు రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది. రాయను.

*

ఊరికి గడియారం ఆ ప్లాంటే. తెల్లవారుజామున మొదటి షిఫ్టు, మధ్యాహ్నం మూడు దాటాక రెండో షిఫ్టు, అది ముగిశాక కడిగేవాళ్ళు. వేడినీళ్ళ పైపులు పట్టుకుని తెల్లారేదాకా కడిగి వచ్చే ఆ మూడో షిఫ్టు కుర్రాళ్ళని నేను పొద్దున పూజ అయ్యాక చూసేవాణ్ణి. గుడి వెనక బెంచీల్లో కూర్చునే నిద్రపోయేవాళ్ళు. బ్లీచింగు వాసన వాళ్ళ జుట్టు వదిలేది కాదు.

పిల్లలున్న ఇళ్ళలో మొగుడు మొదటి షిఫ్టు, పెళ్ళాం రెండో షిఫ్టు. ఆయాకి ఇచ్చే డబ్బు మిగులుతుంది. మధ్యాహ్నం ప్లాంటు పార్కింగు స్థలంలో చూడాలి: ఆయన బయటికొస్తాడు, ఆవిడ లోపలికెళ్ళబోతుంది. ఒక కారు తలుపు తీసి ఇంకో కారు తలుపు వేసేలోపు చంటిది ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి మారుతుంది. పాలసీసా ఎక్కడుందో, జ్వరం ఎంతుందో రెండు ముక్కలు. అంతే, మళ్ళీ అర్ధరాత్రి దాకా ఒకరికొకరు కనబడరు. జ్ఞానస్నానానికి తల్లిదండ్రులిద్దరికీ ఉపదేశం చెప్పాలని నియమం. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలంటే ఆదివారమే దిక్కు. ఒకసారి ఆ పార్కింగు స్థలంలోనే, నా కారు బానెట్ మీద కాగితాలు పరుచుకుని పని కానిచ్చాను.

నా రోజు ఇలా ఉండేది. పొద్దున్నే ఇంగ్లీషు పూజ. వచ్చేది ఓ గుప్పెడు మంది ముసలి రైతులూ వాళ్ళ భార్యలూ. తర్వాత ఆసుపత్రి. ఆ తర్వాత ఆఫీసు వరండాలో కూర్చున్నవాళ్ళు. ఒకరికి కరెంటు బిల్లు అర్థం కాలేదు, ఒకరికి బడి నుంచి ఉత్తరమొచ్చింది, ఒకరి పిల్లాడు జైల్లో ఉన్నాడు, ఒకరికి ఊరికే ఏడవాలనుంది. కాగితాలు లేనివాళ్ళకి డ్రైవింగు లైసెన్సు ఇవ్వరు. అందుకని నేను గురువుగా కంటే డ్రైవరుగా ఎక్కువ పనికొచ్చాననిపిస్తుంది. పెద్ద జబ్బయితే విచిటా తీసుకెళ్ళాలి, దాదాపు 200 మైళ్ళు. వెనక సీట్లో రోగి, ముందు సీట్లో మాట చెప్పడానికి వాళ్ళ బళ్ళో చదివే పిల్ల. దారి పొడుగునా గోధుమ చేలు, ధాన్యం నిలవుండే తెల్లటి గుమ్ములు, మళ్ళీ గోధుమ చేలు.

ఆ పిల్లల్ని తల్చుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. పదకొండేళ్ళ పిల్ల ఒకతి వాళ్ళమ్మకి డాక్టరు చెప్పిన సంగతి చెప్పాల్సి వచ్చింది. డాక్టరు ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడాడు. పిల్ల తల్లి వైపు తిరిగి చాలా కొద్దిగా చెప్పింది. మిగతాది మింగేసిందని నాకు తెలుసు, డాక్టరుకీ తెలిసింది. ఆయన నా వైపు చూశాడు. "నువ్వెళ్ళి నీళ్ళు తాగిరామ్మా" అని ఆ పిల్లని బయటికి పంపి, మిగిలింది నేను చెప్పాను. కారులో తిరిగొస్తూ దారంతా ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. తన పని నేను లాక్కున్నానని కోపం. ఇప్పుడు ఆ అమ్మాయి నర్సు.

సాయంత్రాలు ట్రైలర్ల పేటకి. చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకు ఇళ్ళు, గాలి వీస్తే ఒకవైపు గోడ గజగజలాడేది. ఏ ఇంటికెళ్ళినా తినకుండా వదలరు. మొదట్లో వాళ్ళకి నా కారం గురించి బెంగ. "పాద్రె, కారం వద్దు, మీకు పడదు" అని నా పళ్ళెం పక్కకి తీసేవారు. ఒకావిడ పరీక్ష పెడదామని హబనేరో మిరపకాయలతో నూరిన పచ్చడి నా ముందు పెట్టింది. గుంటూరు కారం తిని పెరిగిన మనిషిని, మారు వడ్డించమన్నాను. ఆ కబురు మర్నాటికల్లా పేటంతా పాకింది. అసలు మా దేశానికి మిరపకాయ వెళ్ళిందే మీ వైపు నుంచి అని చెప్తే మాత్రం ఎవరూ నమ్మలేదు. ఫాదర్ గారు మర్యాదకి అంటున్నాడనుకున్నారు.

శుక్రవారం జీతాలు. ఊళ్ళో మెక్సికన్ కొట్టు దగ్గర డబ్బు పంపే కిటికీ ముందు బారు తీరేవాళ్ళు. ఒక పక్క ఎర్రటి చిలగడదుంపలు, ఒక పక్క కొవ్వొత్తులు, గల్లా దగ్గర దండగా వేలాడే ఐదు డాలర్ల ఫోన్ కార్డులు. ఒకసారి అమ్మకి పంపడానికి నేనూ ఆ వరసలో నిలబడ్డాను. ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి, "పాద్రె, మీక్కూడా వెనక ఇల్లుందా?" అన్నాడు. ఉందన్నాను. తన చోటు ఇచ్చేశాడు. వద్దంటే వినలేదు. ఆ ఫోన్ కార్డులు ఇప్పుడెవరూ కొనరు. వెనక గీకి, చాంతాడంత నంబరు నొక్కి, మీకింకా ఇన్ని నిమిషాలున్నాయని ఒక ఆడగొంతు చెప్తుంటే వినేవాళ్ళం. నిమిషాలు అయిపోతాయని అమ్మ ఎప్పుడూ మొదటి సగంలోనే గబగబా అందరి ఆరోగ్యాలూ చెప్పేసి, మిగతా సగం ఏం మాట్లాడాలో తెలీక ఊరుకునేది.

*

వంటగది దగ్గరికి వస్తాను. గుడి కప్పు బాగుచేయాలన్నా, ఎవరి శవాన్నైనా సొంతూరికి పంపాలన్నా మాకు తెలిసిన దారి ఒకటే: తమాలెస్ చేసి అమ్మడం. మొక్కజొన్న పిండిని పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం అది. శుక్రవారం రాత్రి రెండో షిఫ్టు దిగి తిన్నగా గుడికొచ్చేవారు ఆడవాళ్ళు. చాలామంది పిండి కొట్టులో కొందామనేవారు. మా పెద్ద దోన్యా ఒప్పుకునేది కాదు. దోన్యా అంటే పెద్దావిణ్ణి గౌరవంగా పిలిచే మాట. మెక్సికోలో జకతెకాస్ మనిషి, డెబ్బై దాటింది, పొట్టి, నడుం మీద ఎప్పుడూ ఒక చెయ్యి. ముందు రోజే తెల్ల మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి రాత్రంతా అలాగే వదిలేసేది. పొద్దునకి గింజ పై పొట్టు వేళ్ళతో నలిపితే ఊడి వచ్చేది. ఆ సున్నంలోనే సంగతంతా ఉంది. పొట్టు ఊడటం ఒక్కటే కాదు, గింజలో ఒంటికి పట్టకుండా బిగిసి ఉన్న విటమిను కూడా దానితోనే విడుదలవుతుంది. యూరప్‌కి మొక్కజొన్న వెళ్ళింది గానీ ఈ సున్నం పద్ధతి వెళ్ళలేదు, అక్కడి పేదలు ఆ విటమిను చాలక వచ్చే పెల్లాగ్రా జబ్బుతో బాధపడ్డారు. దోన్యాకి ఈ కథ తెలీదు. వాళ్ళమ్మ చేసింది, తను చేస్తుంది.

కడిగి, మర పట్టించి, పంది కొవ్వు వేసి పిండి పిసికేవారు. ఎంతసేపు? చిటికెడు పిండి గ్లాసుడు నీళ్ళలో వేస్తే తేలేదాకా. మునిగిందంటే దోన్యా మాట్లాడేది కాదు, గంగాళం వైపు గడ్డం ఎత్తి చూపేది, అంతే, మళ్ళీ పిసకాలి. ఆ పిసికే చేతులు అప్పటిదాకా ప్లాంటులో కత్తి పట్టిన చేతులు. గంటల తరబడి ఒకే కోత కోసి కోసి మణికట్లు వాచిపోయి, రాత్రుళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి నిద్రపట్టదని చెప్పుకునేవాళ్ళే అందరూ. అయినా నానబెట్టిన మొక్కజొన్న పొత్తు రేకుల మీద చెంచా వెనకతో పిండి పరుస్తూంటే ఆ చేతులు ఎక్కడా ఆగేవి కావు. నాకు రేకులు తుడిచే పని ఇచ్చేవారు. ఇంకేదీ ఇవ్వరు. గురువు వంటింట్లోకి రావడమే ఎక్కువ.

మాటలు మాత్రం ఆ వంటగదిలోనే విన్నాను. పాపసంకీర్తనపు (కన్ఫెషన్) పెట్టెలో చెప్పేవి వేరు, వాటి సంగతి చచ్చినా ఎత్తను. ఇవి అందరి ముందూ చెప్పుకునేవి. ఎడారిలో మూడు రాత్రులు నడిచి వచ్చినప్పుడు ఎవరి చెప్పులు ఎక్కడ తెగాయో, ఎవరి కొడుకు పన్నెండేళ్ళుగా అమ్మమ్మ దగ్గరే పెరిగి ఇప్పుడు ఫోన్లో "మీరు" అంటున్నాడో. చెప్పేటప్పుడు ఒక్కరూ తలెత్తేవారు కాదు. చేతులు పరుస్తూనే ఉండేవి. మధ్యలో ఎవరో ఒక బూతు జోకు వేసేవారు, నా వైపు చూసి నాలిక కరుచుకునేవారు, నాకు అర్థం కానట్టు నేను రేకులు తుడిచేవాణ్ణి.

*

కిన్సెఅన్యేరా గురించి రెండు మాటలు. ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే చేసే పండుగ. మన ఓణీల ఫంక్షనే అనుకోండి, కాకపోతే పూజతో మొదలవుతుంది. బుట్ట గౌను, కిరీటం, వెంట ఈడు పిల్లలు జతలుజతలుగా. కేకుకి ఒక జ్ఞానపిత (గాడ్‌ఫాదర్), బాజాకి ఒక జ్ఞానపిత, చెప్పులకి ఒక జ్ఞానమాత, ఖర్చంతా అలా చుట్టాలు పంచుకుంటారు. తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల కాళ్ళకున్న చదును చెప్పులు తీసి మడమ చెప్పులు తొడుగుతాడు. వారమంతా ఎముకలు కోసే మనిషి, ఆ చిన్న బకిలు పెట్టడానికి వేళ్ళు తిరక్క అవస్థ పడతాడు. అప్పుల సంగతి మాట్లాడదామని ఒకట్రెండుసార్లు నోరెత్తాను. మా ఊళ్ళో ఎవరు విన్నారని వీళ్ళు వింటారు.

గ్వాతెమాలావాళ్ళ దారి వేరు. చాలామంది కుర్రాళ్ళు, ఒంటరిగా వచ్చినవాళ్ళు, ఒక్కో ట్రైలర్లో ఆరుగురేసి. ఇళ్ళలో మాట్లాడేది కిచె భాష. స్పానిష్ వాళ్ళకీ నేర్చుకున్నదే, నాకూ నేర్చుకున్నదే. మెక్సికోవాళ్ళు మా ఇద్దర్నీ చూసి నవ్వుకునేవారు. కానీ ఇద్దరం మెల్లిగా మాట్లాడతాం కాబట్టి మాకు మాకు బాగానే అర్థమయ్యేది. ఈస్టరుకి ముందు వచ్చే ఒక తపస్సు కాలంలో ఒకతను పాపసంకీర్తనానికి వచ్చి, స్పానిష్‌లో మొదలుపెట్టి, ఆగిపోయాడు. నీ భాషలోనే చెప్పు, వినాల్సినాయనకి అన్నీ వచ్చు అన్నాను. కిచెలో చాలాసేపు చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాపాలు క్షమించే వచనం మాత్రం నేను తెలుగులో పలికాను, ఎందుకో ఆ పూట అదే నోటికొచ్చింది.

మా ఊరి ఇటలీ ఫాదర్ గారు అప్పుడే బాగా గుర్తొచ్చేవారు. మిలాను నుంచి ఆయన మిషనరీ సభవాళ్ళు 1855లోనే హైదరాబాదు వచ్చారు, తర్వాత కృష్ణా జిల్లా అంతా తిరిగారు. 1924లో గుణదలలో మరియ మాత స్వరూపాన్ని నిలబెట్టిన ఆర్లాటి గారు కూడా ఆ సభ ఆయనే. నా చిన్నప్పటి ఫాదర్ గారు వాళ్ళలో చివరి తరం. సైకిలు మీద వచ్చేవారు. మా నాయనమ్మ పెట్టిన గోంగూర పచ్చడి అన్నంలో ఎర్రగా కలుపుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా "బహు రుచి" అనేవారు. ఆయన ప్రసంగాన్ని అనుకరించి నవ్వుకోవడం మా పిల్లలకి ఆదివారపు ఆట. గార్డెన్ సిటీలో ఒకరోజు గుడి వెనక ఇద్దరు పిల్లలు నా నడకా నా స్పానిషూ కలిపి అభినయించి పొట్టలు పట్టుకుంటుంటే చాటునుంచి చూశాను. బాగా చేశారు, ముఖ్యంగా చేతులు.

*

డిసెంబరు 12 గ్వాదలూపె మాత పండుగ. 1531లో తెపెయాక్ కొండ మీద హువాన్ దియేగో అనే నహువా రైతుకి మాత కనిపించి, అతని కప్పుడు గుడ్డ మీద తన రూపాన్ని విడిచిందని నమ్మకం. ఆ వేకువన నాలుగింటికే గుడి నిండిపోయేది. పుట్టినరోజు పాట పాడి మాతని నిద్రలేపాలి. కాళ్ళకి గవ్వలూ గలగలలాడే కాయలూ కట్టుకున్న మతచీనెస్ నాట్యగాళ్ళు డోలు దెబ్బకి నడవంతా అడుగులేస్తుంటే నేల అదిరేది. ఆ చలిలో ఎక్కణ్ణుంచి తెచ్చేవారో చేతులనిండా గులాబీలు. మొదటి షిఫ్టువాళ్ళు సగం పూజలో లేచి, మోకాలు వంచి, పరుగు. మిగిలినవాళ్ళకి హాల్లో చాంపుర్రాదో. మొక్కజొన్న పిండీ చాక్లెట్టూ దాల్చినచెక్కా కలిపి కాచిన చిక్కటి పానీయం అది.

2006లో ఆ పండుగ మంగళవారం వచ్చింది. గిన్నెలు కడుగుతున్నారు. ఒకామె ఫోన్ మోగింది. టెక్సాస్‌లో కాక్టస్ అనే ఊళ్ళో, మాకు మూడు గంటల దారిలోపే, ఆమె చెల్లెలు మాంసం ప్లాంటులో పనిచేస్తుంది. ఆ ప్లాంటుని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చుట్టుముట్టారు. ఇంకో ఫోన్, కొలరాడోలో గ్రీలీ నుంచి. ఇంకోటి. ఆ ఒక్క పొద్దునే ఆరు రాష్ట్రాల్లో ఒకే కంపెనీ ప్లాంట్లు ఆరింటి మీద పడి, దాదాపు 1,300 మందిని పట్టుకున్నారని తర్వాత తెలిసింది. మా ఊరి ప్లాంటు వేరే కంపెనీది. ఆ సంగతి ఆ పూట ఎవరికి ఊరట? వంటగది ఖాళీ అయిపోయింది. నీళ్ళ కుళాయి తిరుగుతూనే ఉంది, నేనే కట్టేశాను. తల్లులు బడికి పరిగెత్తారు పిల్లల్ని తెచ్చుకోవడానికి. సాయంత్రం పూజకి గుడి పట్టదనుకుని బయట వేసిన కుర్చీలు అలాగే ఉన్నాయి. లోపల ముందు వరసల్లో గులాబీలు, వెనక ఎక్కడో పదిమంది. వాళ్ళలో డోలు చప్పుడుకి తలనొప్పని ఏటా నాకు ఫిర్యాదు చేసే ముసలి రైతు భార్య కూడా ఉంది. పూజ అయ్యాక నా దగ్గరికొచ్చి, ఏయే ఇళ్ళకి సరుకులు కావాలో చీటీ రాసిమ్మంది. చీటీ పట్టుకుని వెళ్ళిపోయింది, ఇంకో మాట లేదు.

నాలుగు రోజులకి పొసాదాస్ మొదలు. మరియమ్మా యోసేపూ బస కోసం తిరిగిన కథ. డిసెంబరు 16 నుంచి తొమ్మిది రాత్రులు ఒక్కో ఇంటి తలుపు తడుతూ బయటివాళ్ళు చోటివ్వమని పాడతారు, లోపలివాళ్ళు పొమ్మని పాడతారు, చివరికి తలుపు తెరుస్తారు. ఆ ఏడు తలుపు తట్టడానికే భయపడ్డాం. ఏ చప్పుడైనా లోపల దీపాలు ఆరిపోయేవి. అందుకని ముందు ఫోన్ చేసి, "మేమే, గుడి వాళ్ళం, ఇంకో నిమిషంలో తడతాం" అని చెప్పి, అప్పుడు తట్టేవాళ్ళం. పాట అదే, పొమ్మనే చరణాలు అవే. పిల్లలు మాత్రం మిఠాయిలు నింపి వేలాడదీసిన పిన్యాతా ఎప్పుడు పగలగొట్టిస్తారని గోల.

ఆ తర్వాత వారాల తరబడి నా పని కాగితాలు. మమ్మల్ని తీసుకెళ్తే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో రాసిపెట్టే ఉత్తరాలు. మా విచారణలో ఒక నోటరీ ఉండేవాడు, ముద్ర వేయడానికి పైసా తీసుకోలేదు. ఆ ఉత్తరం ఎక్కడ దాచారో కూడా నాకు చెప్పేవారు. ఒకరింట్లో ఫ్రిజ్ మీద, ఒకరింట్లో బైబిల్లో, ఒకరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్లో మాంసం కింద. సంవత్సరాంతంలో మంచు తుఫాను వచ్చి పశ్చిమ కాన్సాస్‌లో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు పోయింది. చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళు మా హాల్లో పరుపులు వేసుకుని పడుకున్నారు. పరుపు కింద అదే సంచి.

*

ఆ శీతాకాలమే మంచు జారి రోడ్డు మీద ఒక కుర్రాడు పోయాడు. కొట్లో, రొట్టెల అంగడిలో, గుడి ద్వారం దగ్గర కాఫీ డబ్బాలు వెలిశాయి. డబ్బాకి అతని ఫోటో, మూతకి చీలిక. చిల్లరా నోట్లూ కలిసి శవాన్ని చిహువాహువా చేర్చడానికి సరిపోయాయి. శవం వెళ్ళిపోయినా తొమ్మిది రాత్రులు జపమాల ట్రైలర్లో. నేల మీద సున్నంతో శిలువ గీశారు, చుట్టూ కొవ్వొత్తులు, దాన్ని దాటకుండా గోడలకి ఆనుకుని కూర్చునేవాళ్ళం. తొమ్మిదో రాత్రి ఒక్కో జ్ఞానపిత శిలువలో ఒక్కో భాగాన్ని మెల్లిగా చేత్తో దగ్గరికి చేసి ఎత్తాలి, ప్రార్థన చెప్తూ. మామూలుగా ఆ సున్నాన్ని సమాధి దగ్గరికి తీసుకెళ్తారు. సమాధి ఇక్కడ లేదు. ఆ కుర్రాడి అక్క ఒక జామ్ సీసాలో పోసి మూత బిగించింది, ఎవరైనా ఊరెళ్తుంటే పంపుదామని. రెండేళ్ళ తర్వాత నేను వచ్చేసేటప్పటికి ఆ సీసా ఇంకా టీవీ పక్కనే ఉంది. కాగితాలున్నవాళ్ళెవరూ ఆ వైపు వెళ్ళలేదు.

వీసా గడువు అయిపోయింది. నా స్థానంలో నైజీరియా నుంచి ఒక యువ గురువు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే పొడుగు, స్పానిష్ పుస్తకం ఇంకా చంకలోనే. అతనికి అప్పజెప్పాల్సిన రిజిస్టర్లు ఒక గంటలో అయిపోయాయి. మిగతాదంతా ఒక నోటుబుక్కులో రాసిచ్చాను. పొద్దున బెంచీల్లో నిద్రపోయేవాళ్ళని లేపకు. ఆదివారం పూజ అయ్యాక పాల డబ్బాల్లో నీళ్ళు తెస్తారు, ఎన్ని తెచ్చినా అన్నీ దీవించు. తర్వాత బండ్లు దీవించమంటారు, బానెట్ ఎత్తి ఇంజను మీద కూడా చల్లాలి, లేకపోతే ఒప్పుకోరు. పేట చివరి ట్రైలర్లో కుక్క గొలుసు పొడుగెక్కువ. దోన్యా పిండి గురించి ఏమీ అనకు. ఏ ఇంట్లో ఉత్తరం ఎక్కడుందో నోటితో చెప్తాను, రాయను. విచిటా వెళ్ళేటప్పుడు డాడ్జ్ సిటీలో పెట్రోలు పోయించుకో, తర్వాత చాలా దూరం బంకు దొరకదు. రెండోసారి వడ్డిస్తే వద్దనకు.

అతను చదివి, "మూడోసారి వడ్డిస్తే?" అని అడిగాడు.